చాదస్తం అంటారే, ఆ గుణానికి సరిపోయే భద్రతా ఉద్యోగాలు ఉన్నాయా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. వయసు ముప్పై దగ్గర పడింది, ప్రకటనల రంగంలో ఉద్యోగం, వారం వారం కొత్త ఐడియాలు ఇమ్మంటే ఊపిరాడటం లేదు. అదే రాసిపెట్టిన పద్ధతి ఒకటి చేతికిస్తే ఎంత పెద్ద పనైనా తూచా తప్పకుండా చేస్తారు, ఇంట్లోవాళ్ళు దాన్ని చాదస్తం అంటారు. ఇలాంటి మనిషికి పదిమంది ప్రాణాలు కాపాడే పనుల్లో చోటు ఉందా, ఉంటే ఎక్కడ, ఈ వయసులో మారడం కుదురుతుందా అని.

చోటు ఉంది, చాలా ఉంది. రసాయన ప్లాంటులో కంట్రోల్ రూమ్‌లో కూర్చునే ప్యానెల్ ఆపరేటర్, ప్రమాదం ఉన్న పని మొదలుపెట్టే ముందు రాతపూర్వకంగా అనుమతి (దాన్నే పర్మిట్ అంటాం) ఇచ్చే వ్యక్తి, విమానాల మెయింటెనెన్స్, ఆసుపత్రిలో ఆపరేషన్ పరికరాలు స్టెరిలైజ్ చేసే విభాగం, బ్లడ్ బ్యాంకు, రైల్వే సిగ్నలింగ్, వెల్డింగులను పాడుచేయకుండా లోపాలు కనిపెట్టే ఎన్‌డీటీ పరీక్షలు, బాయిలర్లు, లిఫ్టులు, క్రేన్లు తనిఖీ చేసే పని, ఇవన్నీ మీలాంటి వాళ్ళ మీదే నడుస్తాయి. కానీ రెండు మాటలు ముందే చెప్పాలి. ఒకటి: సేఫ్టీ ఆఫీసర్ అనే పేరు చూసి మొదట అటు పరుగెత్తకండి, అది మీరు అనుకునే పని కాదు. రెండు: పద్ధతి అంటే ఇష్టం ఉంటే చాలదు, ఎదుటివాళ్ళు పద్ధతి తప్పుతున్నప్పుడు మొహమాటం లేకుండా పని ఆపగలగాలి. ఈ రెండోది లేకపోతే మిగతావన్నీ ఉన్నా ఈ రంగంలో ఇబ్బంది పడతారు. ఎందుకో కింద చెప్తాను.

నేను రసాయన ప్లాంట్లలో ఇరవై నాలుగేళ్ళుగా ఉన్నాను. ఫీల్డ్ ఆపరేటర్‌గా మొదలుపెట్టి, ప్యానెల్ మీద కూర్చుని, షిఫ్ట్ ఇన్‌చార్జిగా పర్మిట్లు రాసి, ఇప్పుడు కొత్తగా చేరేవాళ్ళకు శిక్షణ ఇస్తున్నాను. కాబట్టి ప్లాంటు సంగతి నా అనుభవంతో చెప్తాను, మిగతా రంగాల గురించి అక్కడ పనిచేస్తున్న నా పాత సహోద్యోగుల వల్ల, మా శిక్షణలో వాడే కేసుల వల్ల తెలిసినంత చెప్తాను.

ముందు ఆ చాదస్తం అనే మాట సంగతి చూద్దాం. 1990 జూన్ 10న బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్ నుంచి బయలుదేరిన ఒక ప్రయాణికుల విమానానికి పదిహేడు వేల అడుగుల పైన ఉండగా పైలట్ ముందున్న అద్దం ఊడిపోయింది. కెప్టెన్ శరీరం సగం బయటికి లాగుకుపోతే సిబ్బంది ఆయన కాళ్ళు పట్టుకుని ఆపారు, కో పైలట్ విమానాన్ని దింపాడు, అదృష్టవశాత్తూ అందరూ బతికారు. విచారణలో తేలింది ఏమిటంటే, అంతకు ముందు రోజు రాత్రి షిఫ్టులోనే ఆ అద్దం మార్చారు, కొత్తగా బిగించిన 90 బోల్టుల్లో 84 ఉండాల్సిన దానికంటే సన్నవి, తేడా ఒక మిల్లీమీటరు కూడా లేదు. మిగిలిన ఆరు పొడవు తక్కువ. మార్చిన వ్యక్తి బాగా అనుభవం ఉన్నవాడే, పనిమంతుడే. పాత బోల్టు చేతిలో పట్టుకుని, దానికి సరిపోయేది కంటితో చూసి ఏరుకున్నాడు. పార్టు నంబరు కేటలాగ్‌లో చూడలేదు. అంతే. ఆ రాత్రి ఆ చోట మీలాంటి ఒక చాదస్తపు మనిషి ఉండి, కేటలాగ్ తెరిస్తే తప్ప బోల్టు ముట్టుకోను అని ఉంటే ఆ విమానం గురించి ఎవరికీ తెలిసేది కాదు. ఈ రంగంలో మీరు చేసే మంచి పనులు ఇలాగే ఎవరికీ తెలియవు, అది కూడా ముందే తెలుసుకోండి. ప్రకటనల రంగంలో చప్పట్లు ఉంటాయి, ఇక్కడ బాగా పనిచేశారంటే ఆ రోజు ఏమీ జరగలేదని అర్థం.

విమానాల్లో చెక్‌లిస్టు అనేదే ఇలాంటి దెబ్బ తగిలి పుట్టింది. 1935 అక్టోబరులో అమెరికాలో బోయింగ్ కొత్త బాంబర్ విమానాన్ని ప్రదర్శనగా ఎగరేసినప్పుడు, నేల మీద ఉన్నప్పుడు తోక మీది కదిలే పలకలు గాలికి ఊగకుండా వేసే లాక్ తీయడం మరిచిపోయారు, అది పైకి లేచి కూలిపోయింది. నడిపింది మామూలు పైలట్ కాదు, చాలా అనుభవం ఉన్న టెస్ట్ పైలట్. అప్పుడు వాళ్ళు చేసిన పని పైలట్‌కు ఇంకా శిక్షణ ఇవ్వడం కాదు, ఏ పని తర్వాత ఏది చేయాలో ఒక కాగితం మీద రాయడం. ఆ విమానమే తర్వాత బీ-17 పేరుతో వేల సంఖ్యలో తయారైంది. ఆపరేషన్ థియేటర్లకు ఈ ఆలోచన రావడానికి ఇంకో డెబ్బై ఏళ్ళు పట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో 19 అంశాల సర్జికల్ చెక్‌లిస్టు విడుదల చేసింది, ఎనిమిది నగరాల్లోని ఆసుపత్రుల్లో వాడి చూస్తే ఆపరేషన్ తర్వాతి మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో ప్రచురించారు. ఆ కాగితంలో గొప్ప విషయాలేమీ లేవు. రోగి పేరు అడిగారా, కోయాల్సిన చోట గుర్తు పెట్టారా, యాంటీబయాటిక్ ఇచ్చారా, దూది, సూదులు లెక్క సరిపోయిందా, ఇలాంటివే.

ఇక ఉద్యోగాల్లోకి వస్తే, నాకు బాగా తెలిసినది ప్లాంటు కాబట్టి దాని గురించే ఎక్కువ చెప్తాను.

ప్రాసెస్ ప్లాంటు ఆపరేటర్. రిఫైనరీ, ఎరువులు, రసాయనాలు, మందులు, విద్యుత్తు, ఎక్కడైనా ఇదే వరస. బయట తిరిగి వాల్వులు తిప్పేవాళ్ళు ఫీల్డ్ ఆపరేటర్లు, కంట్రోల్ రూమ్‌లో తెరల ముందు కూర్చునేవాళ్ళు ప్యానెల్ ఆపరేటర్లు. ప్లాంటు స్టార్ట్ చేయాలన్నా ఆపాలన్నా ఎస్‌ఓపీ, అంటే ఏ పని ఎలా చేయాలో మెట్టుమెట్టుగా రాసిన కాగితం ఉంటుంది, ఒక్కో మెట్టుకు సంతకం, సమయం రాయాలి. మీకు బాగా నచ్చుతుందని నేననుకునేది షిఫ్ట్ హ్యాండోవర్. పోయేవాడు వచ్చేవాడికి ఏ పంపు ఆగింది, ఏ వాల్వు మూసి ఉంది, ఏ పని సగంలో ఉంది అన్నీ రాసి, మొహం మొహం చూసుకుని చెప్పి, కలిసి ఒక చుట్టు తిరిగి అప్పుడు వెళ్ళాలి. చాలాచోట్ల దీన్ని రెండు నిమిషాల్లో ముగిస్తారు. అక్కడే కొంపలంటుకునేది.

మా శిక్షణలో మొదటి రోజే చెప్పే కేసు పైపర్ ఆల్ఫా. 1988 జులై 6న నార్త్ సీలో ఉన్న ఈ చమురు ప్లాట్‌ఫామ్ పేలి 167 మంది పోయారు. పగటి షిఫ్టులో ఒక పంపుకు సంబంధించిన సేఫ్టీ వాల్వును రిపేరుకు విప్పారు, సాయంత్రానికి పని అవలేదు, తెరిచి ఉన్న పైపుకు ఒక మూత బిగించి వదిలేశారు, ఈ పంపు నడపకూడదని పర్మిట్ మీద రాశారు. రాత్రి రెండో పంపు ఆగిపోయింది, మళ్ళీ స్టార్ట్ కాలేదు. రాత్రివాళ్ళు మొదటి పంపు పర్మిట్ వెతికారు, పంపు మెయింటెనెన్స్‌కు తీసుకున్న వేరే పర్మిట్ కనిపించింది, ఆ పని ఇంకా మొదలే కాలేదు కాబట్టి నడపొచ్చనుకున్నారు. సేఫ్టీ వాల్వు పర్మిట్ వాళ్ళ కంటపడలేదు. పంపు నడిపారు, మూత బిగుతుగా లేదు, గ్యాస్ లీకైంది. రెండు కాగితాలు ఒకే చోట, ఒకదానికొకటి ముడిపెట్టి ఉండాల్సింది. పగటివాళ్ళు రాత్రివాళ్ళకు నోటితో ఒక్క మాట చెప్పాల్సింది. నేను పర్మిట్ డెస్కులో కూర్చున్న పదేళ్ళూ ఒక పరికరానికి సంబంధించిన పర్మిట్లన్నీ ఒకే క్లిప్పుకు పెట్టేవాణ్ణి. ఎవరైనా ఒకటి తీసి పక్కన పెడితే నాకు నిజంగానే కోపం వచ్చేది.

పర్మిట్, ఐసొలేషన్ పనులు. మెయింటెనెన్స్‌కు ఇచ్చే ముందు మెషీన్‌కు కరెంటు, ఆవిరి, గ్యాస్, ప్రెషర్ అన్నీ ఎక్కడెక్కడినుంచి వస్తున్నాయో వెతికి, ఒక్కొక్కటీ మూసి, తాళం వేసి, ట్యాగ్ కట్టి, చివరికి స్టార్ట్ బటన్ నొక్కి నిజంగానే చచ్చిందో లేదో చూడటం. దీన్నే లాక్ అవుట్ ట్యాగ్ అవుట్ అంటాం. ఎవరి తాళం వాళ్ళదే, ఎవరి తాళం వాళ్ళే తీయాలి. ఇక్కడ తెలివితేటలు చూపించే అవకాశం లేదు, అవసరమూ లేదు, జాబితా పూర్తిగా చేశారా లేదా అన్నదే ముఖ్యం.

దీనికి నాది ఒక అనుభవం చెప్తాను. ఒక పెద్ద వెసెల్ (మూసి ఉండే ట్యాంకు లాంటిది) లోపల శుభ్రం చేయడానికి మనుషులు దిగాలి. పొద్దున గ్యాస్ టెస్ట్ చేశాం, పైన, మధ్యలో, కింద మూడుచోట్లా ఆక్సిజన్ 20.9 శాతం, మండే గ్యాస్ లేదు, విషవాయువు లేదు. మధ్యాహ్నం విరామం తర్వాత మళ్ళీ దిగబోతుంటే, మళ్ళీ టెస్ట్ చేయాలన్నాను. మా పద్ధతిలో అలాగే ఉంది, విరామం వస్తే మళ్ళీ టెస్ట్. మెయింటెనెన్స్ పెద్దాయన విసుక్కున్నాడు, పొద్దున చేశారుగా, పని వెనకబడుతోంది అని. టెస్ట్ చేస్తే ఆక్సిజన్ 18.1. మనిషి దిగడానికి కనీసం 19.5 ఉండాలి. వెతికితే నైట్రోజన్ లైన్ మీద వాల్వు మూశారు గానీ బ్లైండ్, అంటే పైపుకు అడ్డంగా బిగించే లోహపు పలక వేయలేదు, ఆ వాల్వు మూసినా కారుతోంది, సన్నగా నైట్రోజన్ లోపలికి వస్తూనే ఉంది. వాసన ఉండదు, దగ్గు రాదు, మనిషికి తెలియకుండానే స్పృహ పోతుంది. ఇంకో రెండు గంటలు అలాగే వదిలేసి ఉంటే ఎంతకు పడిపోయేదో. బ్లైండ్ వేయకుండా పొద్దున నేనే పర్మిట్ మీద సంతకం పెట్టానన్నది కూడా నిజం, ఐసొలేషన్ జాబితాలో టిక్కు ఉంది కదా అని వెళ్ళి చూడకుండా నమ్మాను. ఆ టిక్కు వేసినవాడు వాల్వు మూయడమే బ్లైండ్ అనుకున్నాడు. ఆ రోజు నుంచి కళ్ళతో చూడని దానికి నేను సంతకం పెట్టలేదు.

ఈ సంఘటనలో మీరు గమనించాల్సింది ఆక్సిజన్ సంగతి కంటే ఆ పెద్దాయన విసుగు. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద, నాకు పని నేర్పినవాళ్ళలో ఒకరు. ఆయన ముందు వద్దు అనడానికి నాకు నోరు రాలేదు, కాళ్ళు వణికాయి, అయినా అన్నాను. పద్ధతి తెలిసి ఉండటం పనిలో సగం, మొహమాటం చంపుకోవడం మిగతా సగం. అందుకే మీరు రాసినదాంట్లో నాకు కనపడని విషయం అదొక్కటే. పద్ధతి ప్రకారం చేస్తానని రాశారు. పక్కవాడు చేయకపోతే ఏం చేస్తారో రాయలేదు.

స్టెరిలైజేషన్ విభాగం. మా దగ్గర ట్రైనీగా చేరిన ఒకమ్మాయి రాత్రి షిఫ్టులు పడక ఆసుపత్రిలోని ఈ విభాగానికి మారింది, ఇప్పుడు అక్కడ సూపర్‌వైజర్. ఆపరేషన్ పరికరాలు కడగడం, భూతద్దంతో చూడటం, సెట్ ప్రకారం లెక్కపెట్టి ప్యాక్ చేయడం, ఆటోక్లేవ్ అనే ఆవిరి యంత్రంలో పెట్టడం, రికార్డు చేయడం. 121 డిగ్రీల దగ్గర పదిహేను నిమిషాలు, లేదా 134 దగ్గర మూడు నిమిషాలు, ఇలా లెక్కలు ఖచ్చితంగా ఉంటాయి. పొద్దున మొదటి లోడుకు ముందు ఖాళీ ఛాంబర్‌లో గాలి పూర్తిగా పోతోందో లేదో బోవీ డిక్ టెస్టు చేస్తారు, అది ఫెయిలైతే ఆ మెషీన్ ఆ రోజు వాడరు, థియేటర్ నుంచి ఎంత ఒత్తిడి వచ్చినా సరే. మీరు జనంతో వాదించడం ఇష్టపడని మనిషి అయితే నేను మొదట చూడమనేది ఇదే. వాదన తక్కువ, టెస్టు రంగు మారిందా లేదా అన్నదే మాట్లాడుతుంది. బ్లడ్ బ్యాంకు, ల్యాబ్ పనులు కూడా దాదాపు ఇదే స్వభావం, కాకపోతే వాటికి చదువు ఎక్కువ కావాలి.

విమానాల మెయింటెనెన్స్. పైన బోల్టుల కథ చెప్పాను కదా, ఆ పని. లైసెన్సుకు ఏళ్ళు పడుతుంది, ముప్పై దగ్గర మొదలుపెడితే ఓపిక కావాలి. పద్ధతి అంటే ప్రాణం పెట్టేవాళ్ళకు ఇంతకంటే మంచి చోటు నాకు తెలియదు. ఒక స్పానర్ లెక్క తగ్గినా అది దొరికేవరకు విమానం కదలదు.

రైల్వే సిగ్నలింగ్, రైలు నడపడం. జపాన్ రైల్వేల్లో సిబ్బంది సిగ్నల్‌ను వేలితో చూపించి, రంగు పైకి చదివి, అప్పుడు ముందుకు వెళ్తారు. చూసేవాళ్ళకు వింతగా ఉంటుంది. 1994లో అక్కడి రైల్వే పరిశోధన సంస్థ పరీక్షించినప్పుడు మామూలుగా చేస్తే వంద పనులకు 2.38 తప్పులు, వేలితో చూపించి పైకి పలికితే 0.38. ఇది చదివాక మా ప్లాంటులో కూడా వాల్వు తిప్పే ముందు ట్యాగ్ నంబరు వేలితో చూపించి పైకి చదవమని మొదలుపెట్టాం, మొదట్లో కుర్రవాళ్ళు సిగ్గుపడ్డారు, ఆరునెలల్లో అలవాటైంది. నలుగురిలో ఇలా చేయడానికి మీకు సిగ్గు లేకపోతే అది కూడా ఒక అర్హతే.

ఎన్‌డీటీ, తనిఖీ పనులు. వెల్డింగు లోపల పగులు ఉందా లేదా అల్ట్రాసోనిక్, రేడియోగ్రఫీ, డై పెనెట్రెంట్ లాంటి పద్ధతులతో చూడటం. డై, అంటే పగుళ్ళలోకి ఇంకే రంగు ద్రవం వేశాక చెప్పిన నిమిషాలు ఆగాలి, తొందరపడి తుడిచేస్తే పగులు కనపడదు, పగులు లేదని రిపోర్టు వెళ్తుంది. మెల్లగా, ఒంటరిగా పనిచేసే స్వభావానికి బాగుంటుంది. లెవెల్ ఒకటి, రెండు, మూడు అని సర్టిఫికెట్లు ఉంటాయి, మొదటి లెవెల్ త్వరగానే చేయొచ్చు. రేడియోగ్రఫీ వైపు వెళ్తే మాత్రం రేడియేషన్ నియమాలు ఒంటికి పట్టించుకోవాలి.

ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ గురించి చాలామంది అడుగుతారు, మీరూ అడిగారు. అక్కడ మాట్లాడే ప్రతి మాటకూ నియమం ఉంది. 1977లో స్పెయిన్‌కు చెందిన టెనెరిఫే దీవిలో రెండు జంబో విమానాలు ఢీకొని 583 మంది పోయాక, టేకాఫ్ అనే మాటను నిజంగా అనుమతి ఇచ్చేటప్పుడు, దాన్ని రద్దు చేసేటప్పుడు తప్ప వాడకూడదన్నంతగా కట్టుదిట్టం చేశారు. కానీ ఆ నియమాల లోపల సెకన్లలో నిర్ణయాలు తీసుకుంటూనే ఉండాలి, పది విమానాలను ఒకేసారి బుర్రలో పెట్టుకోవాలి. పద్ధతి ఇష్టం కదా అని అటు వెళ్ళినవాళ్ళలో ఇది తట్టుకోలేనివాళ్ళు ఉంటారు. పైగా చాలా దేశాల్లో చేరడానికి వయసు పరిమితి ఉంటుంది, ముందు అది చూసుకోండి.

ఇప్పుడు సేఫ్టీ ఆఫీసర్ సంగతి. పేరులో సేఫ్టీ ఉంది కాబట్టి అందరూ ముందు దీని కోర్సులు వెతుకుతారు. నిజానికి ఈ ఉద్యోగంలో ఉన్న పద్ధతిని పాటించేది తక్కువ, పాటించని వాళ్ళతో మాట్లాడేది ఎక్కువ. హెల్మెట్ ఎందుకు పెట్టుకోవడం లేదో ఒక వెల్డర్‌తో కోపం రాకుండా మాట్లాడాలి. ఉత్పత్తి ఆపమని మేనేజర్‌కు చెప్పి ఒప్పించాలి. ప్రమాదం జరిగితే ఏడుస్తున్న మనుషుల దగ్గర కూర్చుని ఏం జరిగిందో రాబట్టాలి. లేని పద్ధతిని కొత్తగా తయారు చేయాలి, ఒకే విషయాన్ని వందోసారి కొత్తగా చెప్పాలి, మీరు వద్దనుకుంటున్న సృజన ఇక్కడ కావాలి. మంచి పని, నేను గౌరవించే పని. కానీ మీరు తప్పించుకుని వస్తున్న ఇబ్బందే ఇక్కడ వేరే రూపంలో ఎదురవుతుంది. ముందు ఆపరేటర్‌గానో టెక్నీషియన్‌గానో కొన్నేళ్ళు చేసి, జనంతో మాట్లాడటం వంటబట్టాక ఇటు వస్తే బాగుంటుంది. ప్లాంటులో కాలు పెట్టకుండా కోర్సు చదివి నేరుగా సేఫ్టీ ఆఫీసర్ అయినవాళ్ళ మాట సైట్‌లో ఎవరూ వినరు, వాళ్ళ బాధ నేను దగ్గరగా చూశాను. నెబోష్ లాంటి సేఫ్టీ సర్టిఫికెట్లు విలువైనవే, పని తెలిసిన వాళ్ళ చేతిలో ఇంకా విలువైనవి.

ఇంకొక విషయం, మీకు మీరే తేల్చుకోవాల్సింది. పద్ధతి ఇష్టం అనేవాళ్ళు నా దగ్గరికి మూడు రకాలుగా వస్తారు. ఒకరకం నిజంగా ఖచ్చితత్వం అంటే ఇష్టం ఉన్నవాళ్ళు, ఎవరూ చూడకపోయినా ఆఖరి మెట్టు కూడా మొదటి మెట్టంత శ్రద్ధగా చేస్తారు. ఇంకోరకం నింద పడుతుందని భయపడేవాళ్ళు, నియమం వాళ్ళకు గొడుగు, కాగితంలో ఉంది చేశాను, నాకు సంబంధం లేదు అంటారు. మూడోరకం ప్రస్తుత ఉద్యోగంతో, బాస్‌తో విసిగిపోయినవాళ్ళు, వాళ్ళకు కావాల్సింది వేరే బాస్. ఈ రంగం మొదటిరకం వాళ్ళది. రెండోరకం వాళ్ళు పైకి మొదటిరకంలాగే కనిపిస్తారు, పద్ధతి తప్పుగా ఉన్న రోజున తేడా తెలుస్తుంది.

పద్ధతి తప్పుగా ఉండే రోజు వస్తుంది, తప్పకుండా వస్తుంది. మా దగ్గర ఒక లైన్‌లో మార్పు చేసి కొత్త వాల్వు పెట్టారు, ఎస్‌ఓపీలో దాన్ని చేర్చలేదు. చాలా క్రమశిక్షణ ఉన్న ఆపరేటర్ ఒకడు ఎస్‌ఓపీ ప్రకారం ప్రతి మెట్టూ చేసి పంపు నడిపాడు, కొత్త వాల్వు మూసి ఉంది, ద్రవం బయటికి పోయే దారి లేక పంపు వేడెక్కి సీల్ పోయింది, వేడి ద్రవం నేల మీద పడింది. ఎవరికీ ఏమీ కాలేదు. తర్వాత అడిగితే ఆ వాల్వు కనిపించింది, కాగితంలో లేదు కాబట్టి ముట్టుకోలేదు అన్నాడు. ముట్టుకోకపోవడం సరైనదే. ఆగి, షిఫ్ట్ ఇన్‌చార్జిని పిలవకుండా ముందుకెళ్ళడం తప్పు. కాగితానికీ కళ్ళ ముందున్నదానికీ తేడా వస్తే సొంతంగా సర్దుకోవద్దు, అలాగే ముందుకూ పోవద్దు, ఆగండి, చెప్పండి, కాగితం మార్పించండి. 1979లో అమెరికాలోని త్రీ మైల్ ఐలాండ్ అణు కేంద్రంలో కూడా ఒక వాల్వు తెరుచుకుని ఇరుక్కుపోతే, ప్యానెల్ మీది దీపం వాల్వుకు మూసుకోమని ఆదేశం వెళ్ళిందని మాత్రమే చూపించింది, నిజంగా మూసుకుందో లేదో చూపించలేదు. ఆపరేటర్లు తమకు నేర్పిన ప్రకారమే ఆలోచించి రియాక్టర్‌ను చల్లబరిచే అత్యవసర నీటిని తగ్గించేశారు. ఆ తర్వాతే అణు కేంద్రాల్లో ఎమర్జెన్సీ పద్ధతులను తిరగరాశారు. ఏ ప్రమాదం జరిగిందో ముందు ఊహించి దానికి తగ్గ పేజీ తెరవడం కాకుండా, మీటర్లలో కనిపిస్తున్న లక్షణాలను బట్టి ఏం చేయాలో ఉండేలా మార్చారు.

ఇంకో ప్రమాదం విసుగు. ఇది మీరు తక్కువగా అంచనా వేస్తున్నారేమో. గంట గంటకూ మీటర్లు చూసి లాగ్ షీట్‌లో రాయడం నెలల తరబడి చేస్తే చేయి తనంతట తానే రాసేస్తుంది. ఒకసారి లాగ్ షీట్లు చూస్తుంటే ఒక ప్రెషర్ గేజ్ రీడింగ్ మూడు రోజులుగా చక్కగా రాసి ఉంది, ఆ గేజ్‌ను నాలుగు రోజుల క్రితమే కాలిబ్రేషన్‌కు విప్పి తీసుకెళ్ళారు. నాలుగు షిఫ్టులవాళ్ళూ రాశారు. వాళ్ళలో ఒకడు పద్ధతి విషయంలో నేను అందరికీ ఉదాహరణగా చూపించే కుర్రాడు, అందుకే నాకు అంత బాధ కలిగింది. తిట్టలేదు, ఏం జరిగిందో కూర్చుని మాట్లాడాం. తర్వాత ఆ షీట్‌లో పనికిరాని సగం గడులు తీసేశాం, రీడింగ్ తీసే చోట్ల వరస నెలకోసారి మార్చాం. కాబట్టి పద్ధతి ఇష్టపడే మనసు కూడా నిద్రపోతుంది. షిఫ్టు మధ్యలో మిమ్మల్ని మీరు ఎలా మేలుకొలుపుకుంటారో ఇప్పటినుంచే ఆలోచించండి.

కొత్తగా ఆలోచించేవాళ్ళు చెడ్డవాళ్ళని నేను చెప్పడం లేదు. మా షిఫ్టులో చాలా చురుకైన కుర్రాడు ఉండేవాడు, ఊరికే ట్రిప్ అవుతోందని, అంటే ప్లాంటు తనంతట తానే ఆగిపోతోందని, ట్యాంకులో మట్టం హద్దు దాటితే ఆపేసే లెవెల్ ఇంటర్‌లాక్‌ను చిన్న వైరుతో బైపాస్ చేశాడు, ఎవరికీ చెప్పలేదు. రెండు నెలలు ప్లాంటు హాయిగా నడిచింది, అందరూ మెచ్చుకున్నారు. ఒక రాత్రి ట్యాంకు పొంగింది. అతన్ని డిజైన్ వైపు పంపారు, అక్కడ ఆ ట్రిప్ ఎందుకు అవుతోందో అసలు కారణం కనిపెట్టి సరైన పద్ధతిలో సరిచేశాడు, ఇప్పుడు చాలా మంచి పేరు. అతనికి అక్కడ ఊపిరి ఆడింది. ప్రకటనల ఆఫీసులో మీకు ఊపిరాడకపోవడం కూడా అలాంటిదే అనుకుంటాను.

వయసు సంగతి. ముప్పై ఆలస్యమేమీ కాదు, పెళ్ళయి పిల్లలున్నవాళ్ళను కూడా నేను ట్రైనీలుగా తీసుకున్నాను, ఇరవై రెండేళ్ళ కుర్రాళ్ళ కంటే వాళ్ళ దగ్గర ఏమౌతుందిలే అనే ధోరణి తక్కువ. కాకపోతే మొదటి రెండేళ్ళు మీకంటే చిన్నవాళ్ళ కింద పనిచేయాలి, జీతం తగ్గొచ్చు, షిఫ్టులు ఉంటాయి. షిఫ్ట్ నిద్ర అందరికీ పడదు, ఉద్యోగం మానేసే ముందే ఒక వారం రాత్రిళ్ళు మేలుకుని చూసుకోండి, నవ్వొద్దు, చేరాక తెలుసుకుని వెళ్ళిపోయినవాళ్ళు నాకు చాలామంది తెలుసు. ఉన్న ఉద్యోగం వదలకుండా స్టెరిలైజేషన్ టెక్నీషియన్ కోర్సో, ఎన్‌డీటీ మొదటి లెవెలో చేసి చూడండి, ఆ కొద్దికాలంలోనే మీకు పడుతుందో లేదో అర్థమవుతుంది.

ఇంటర్వ్యూకు వెళ్ళినప్పుడు వాళ్ళు అడిగినవాటికి జవాబులు చెప్పాక మీరూ ఒక ప్రశ్న అడగండి: ఇక్కడ ఆఖరిసారిగా పని ఆపమన్నది ఎవరు, ఎందుకు, తర్వాత ఆ మనిషికి ఏమైంది? మంచి చోట వెంటనే చెప్తారు, పోయిన నెలలో ఫలానా హెల్పర్ క్రేన్ స్లింగ్ చిరిగిందని ఆపాడు, రెండు గంటలు పోయాయి, అతనికి అందరి ముందు థ్యాంక్స్ చెప్పాం అని. మా దగ్గర అలాంటి అవసరమే రాలేదండీ అన్నారంటే మాత్రం, ఎంత జీతం ఇస్తామన్నా అక్కడ చేరకండి.